మిగతా అర్ధరాజ్యం

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పిల్లలు, తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు మొదటి నమస్కారం. ఇవాళ నేను చెప్పేది మీ సంగతే.

నన్ను పిలిచినవాళ్లు జానపద కథల మీద మాట్లాడమన్నారు. సరే, వాటితోనే మొదలుపెడతాను. అనగనగా ఒక రాజు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను రాక్షసుడు ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల దాచాడు. రాజు దండోరా వేయించాడు: నా బిడ్డను తెచ్చినవాడికి అర్ధరాజ్యం రాసిచ్చి, పిల్లనిచ్చి పెళ్లి చేస్తానని. ముప్పై నాలుగేళ్లు బడిలో ఈ కథ ఎన్ని రకాలుగా చెప్పానో లెక్కలేదు. పిల్లలు రాక్షసుడి ప్రాణం ఏ చిలకలో ఉందని అడిగేవాళ్లు. గుర్రానికి రెక్కలు ఎట్లా వచ్చాయని అడిగేవాళ్లు.

బతుకమ్మ పండగ చూసుకుని 2019 అక్టోబరులో టెక్సాస్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆరేళ్ల మనవరాలికి ఒక రాత్రి ఇదే కథ చెబుతున్నాను. ఆ పిల్ల లేచి కూర్చుని అడిగింది: "అమ్మమ్మా, మిగతా అర్ధరాజ్యం ఎవరికి?"

రాజుగారి దగ్గరే ఉంటుంది బిడ్డా, అన్నాను. "ఆయన చచ్చిపోతే?" అప్పుడు అది కూడా అల్లుడికే పోతుందన్నాను. "యువరాణికి ఎందుకియ్యరు? ఎలీనాకు ఇచ్చిన్రు కదా!"

ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో ఆ కథ. ఒక్కరూ ఈ మాట అడగలేదు. నాకూ తోచలేదు. ఈ పిల్లకు తోచిందంటే దానికి కారణం ఒక కార్టూన్ సీరియల్. అందుకే ఇవాళ దాని గురించి మాట్లాడతాను.

దాని పేరు ఎలీనా ఆఫ్ అవలోర్. డిస్నీ చానల్‌లో 2016 జులై 22న మొదలైంది. సృష్టికర్త క్రెయిగ్ గెర్బర్. అంతకుముందు ఆయనే సోఫియా ద ఫస్ట్ అనే చిన్న యువరాణి సీరియల్ తీశాడు. ఇక్కడి పిల్లలు కూడా కొందరు చూసే ఉంటారు. అందులో సోఫియా మెడలో ఒక మాయ పతకం ఉంటుంది. దాన్ని అవలోర్ పతకం అంటారు. 2012లో వచ్చిన మొదటి కథ నుంచే ఆ పతకం ఉంది. నాలుగేళ్ల తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పతకంలో ఒక పిల్ల బందీగా ఉంది.

కథ ఇది. అవలోర్ అనే రాజ్యం మీదికి షురికి అనే మంత్రగత్తె వచ్చిపడి రాజును, రాణిని చంపేసింది. పదహారేళ్ల ఎలీనా ఎదురు తిరిగింది. ఎలీనా చెల్లెలు ఇసబెల్‌ను, తాతను, అవ్వను ఆస్థాన మాంత్రికుడు అలకజార్ ఒక మాయ చిత్రపటంలోకి పంపి కాపాడాడు. ఎలీనాను మాత్రం ఆ పతకం లోపలికి లాగేసుకుంది. అక్కడ 41 ఏళ్లు ఉండిపోయింది. బయట ఒక తరం గడిచిపోయింది, లోపల ఆమె వయసు పదహారు దాటలేదు. సోఫియా వచ్చి విడిపించాక తన ఊరికి తిరిగొస్తుంది. మంత్రగత్తెను ఓడిస్తుంది. ఇదంతా 2016 నవంబరులో ప్రత్యేక ఎపిసోడ్‌గా వచ్చింది.

మన కథలైతే ఇక్కడ అయిపోతాయి. రాక్షసి ఓడింది, యువరాణి ఇల్లు చేరింది, కథ కంచికి, మనం ఇంటికి. ఈ సీరియల్ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. మంత్రగత్తె పోయింది, బాగుంది. ఇప్పుడు ఈ రాజ్యాన్ని ఎవరు నడపాలి? ఓడరేవులో పడవలు కనబడకుండా పోతే ఎవరిని అడగాలి? పక్క రాజ్యంతో వ్యాపారం ఎట్లా మాట్లాడాలి? కొత్తగా దొరికిన అధికారంతో పదహారేళ్ల పిల్ల ఏం చేయాలి?

సింహాసనం నాది కాబట్టి నేనే ఏలతానని ఎలీనా అంటుంది. అవలోర్ చట్టం ఒప్పుకోదు. ఇరవై ఏళ్లు నిండేదాకా గ్రాండ్ కౌన్సిల్ అనే పాలకమండలితో కలిసి పాలించాలి. అందులో తాత ఫ్రాన్సిస్కో, నాయనమ్మో అమ్మమ్మో ఆ లూయిసా, ఛాన్సలర్ ఎస్తెబాన్ ఉంటారు. ఎస్తెబాన్ ఎలీనాకు కజిన్. ఇంగ్లీషులో కజిన్ అంటే మనకు ఏ వరసో తెలియదు కాబట్టి ఆ మాటే వాడుతున్నాను. ఎలీనా పతకంలో ఉన్న 41 ఏళ్లూ అతను బయటే ఉన్నాడు, మంత్రగత్తె కొలువులోనే పనిచేశాడు, అక్కడే పెద్దవాడయ్యాడు. రాజ్యం లోతుపాతులన్నీ అతనికే తెలుసు. ఇక నాలుగో మనిషిని ఎలీనా తనే ఎంచుకుంటుంది: ఓడరేవు అధికారి కూతురు నయోమి. రాజవంశం కాదు, అసలు ఆ ఊళ్లో పుట్టిన పిల్ల కూడా కాదు. కానీ రేవు సంగతులు తెలిసిన పిల్ల, తప్పు కనబడితే మొహం మీదే చెప్పే పిల్ల.

ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఎందుకు నచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో ఆడపిల్లకు ధైర్యం చెప్పేటప్పుడు "నువ్వు ఏదైనా చేయగలవు" అంటాం. అది మంచి మాటే. కానీ ఎట్లా చేయాలో చూపించం. ఆ పిల్ల తప్పు చేస్తే ఏమవుతుందో చెప్పం. ఎలీనా చాలా తప్పులు చేస్తుంది. తొందర మనిషి. పూర్తిగా వినకుండా మాట ఇచ్చేస్తుంది. తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేక కౌన్సిల్ ముందుకు వచ్చి, నాదే పొరపాటు అని ఒప్పుకుంటుంది. అప్పుడు ఆ పెద్దవాళ్లు, చూశావా, నీకు చేతకాదన్నాం కదా అనరు. బల్ల చుట్టూ కూర్చుని ఇప్పుడేం చేద్దామో మాట్లాడతారు. అమ్మలూ, అయ్యలూ, ఆ బల్లను గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లలో పదహారేళ్ల పిల్ల తప్పు చేస్తే అట్లాంటి బల్ల ఉంటుందా? చదువు మాన్పించి పెళ్లి చేసేసిన ఇళ్లు నా సర్వీసులో నేను చాలా చూశాను. వాటిలో కొన్నిటికి నేను వెళ్లి బతిమాలాను కూడా. కొన్నిచోట్ల విన్నారు, ఎక్కువచోట్ల వినలేదు.

ఎలీనాకు పెళ్లి గొడవ లేదు. రాకుమారులు వస్తారు, పోతారు. ఒక్క రాకుమారుడి కోసం కూడా కథ ఆగదు. ఆమె చేతిలో వెలుగు దండం ఒకటి ఉంటుంది. దానితో మాయలు చేయొచ్చు, కానీ వాడిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ పోతుంది, కళ్లు తిరుగుతాయి. అధికారం ఊరికే రాదు, వాడితే ఒళ్లు అలిసిపోతుందని ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తోచలేదు. మూడో సీజన్‌కు వచ్చేసరికి ఆ మాయ ఆమె ఒంట్లోకే చేరుతుంది. అప్పటి నుంచి ఆమెకు ఏ భావం కలిగితే ఆ రంగులోకి గౌను మారిపోతుంది. కోపం, భయం, దిగులు, ఏదీ దాచుకోవడానికి వీల్లేదు. అట్లాంటి మనిషి పదిమందిని ఏలాలంటే ముందు తన కోపాన్ని తను గుర్తుపట్టాలి. మా మనవరాలు ఆ రోజుల్లో ఇల్లంతా అలిగి తిరుగుతూ "అమ్మమ్మా, నా గౌను ఇప్పుడు ఏ రంగు?" అని అడిగేది. నేను రంగు చెప్పేదాన్ని. సగం అలక అక్కడే తీరిపోయేది.

మీరు కూర్చున్న ఈ ఊరికి ఈ సంగతి కొత్తది కాదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఆయన అర్ధరాజ్యం ఎవరికో రాసివ్వలేదు. కూతురు రుద్రమను దగ్గర కూర్చోబెట్టుకుని రాజ్యపాలన నేర్పాడు. 13వ శతాబ్దంలో ఆమె ఓరుగల్లును ఏలింది. అయితే శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో చెక్కాల్సి వచ్చింది. ఎలీనాకు ఆ అవసరం రాలేదు. నా మనవరాలికి ఓరుగల్లు కోట ఫొటోలు చూపించి రుద్రమ కథ చెప్పాను. "ఆమెకు కౌన్సిల్ ఉండేనా?" అని అడిగింది. మంత్రులు, సేనానులు ఉండేవాళ్లని చెప్పాను.

ఇప్పుడు రెండో సంగతి. ఎలీనా లాటినా. అంటే లాటిన్ అమెరికా మూలాలున్న ఆడపిల్ల. మెక్సికో, గ్వాటెమాలా, కొలంబియా, చిలీ, పెరూ, క్యూబా, ఈ దేశాల మనుషులు. అమెరికాలో 2020 జనాభా లెక్కల ప్రకారం వీళ్లు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. అంతమంది ఉన్న దేశంలో, డిస్నీ లాంటి అంత పెద్ద కంపెనీ అన్నేళ్లుగా యువరాణుల కథలు తీస్తూ, వాళ్ల పిల్లల పోలికలతో ఒక్క యువరాణిని కూడా చూపించలేదు.

2012లో ఒక చిక్కు వచ్చింది. సోఫియా సీరియల్ నిర్మాతల్లో ఒకరు సోఫియా తల్లి లాటినా అని చెప్పారు. పేపర్లన్నీ తొలి లాటినా యువరాణి వచ్చిందని రాశాయి. సోఫియాదేమో తెల్లని ఒళ్లు, నీలి కళ్లు. భాషలో, ఇంట్లో, పండగలో ఎక్కడా ఆ జాడ లేదు. లాటినో సంఘాలు గట్టిగా అడిగాయి. కంపెనీ వెనక్కి తగ్గి, సోఫియాది కథల లోకం, ఆమె మిశ్రమ వారసత్వం ఉన్న పిల్ల అని సర్దిచెప్పింది. మరుసటి ఏడాది ఇంకో గొడవ. రాబోయే ఒక సినిమా కోసం దియా దే లోస్ ముయెర్తోస్, అంటే చనిపోయినవాళ్ల రోజు అనే పండగ పేరు మీదే ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టారు. ఆలోచించండి. రేపు ఎవరైనా వచ్చి బతుకమ్మ అనే మాట మా కంపెనీది అంటే మనకెట్లా ఉంటుంది? జనం తిరగబడ్డారు, కొద్ది రోజుల్లోనే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

ఎలీనా వచ్చింది ఆ తర్వాత. ఈసారి పద్ధతి మారింది. లాటిన్ అమెరికా సంస్కృతి తెలిసినవాళ్లను సలహాదారులుగా పెట్టుకున్నారు. రచయితల్లో, గొంతులిచ్చినవాళ్లలో చాలామంది ఆ మూలాల వాళ్లే. ఎలీనా గొంతు ఐమీ కారెరోది. ఆమె డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టింది. చెల్లెలు ఇసబెల్ గొంతు జెన్నా ఒర్తేగాది. ఆ అమ్మాయి ఇవాళ పెద్ద నటి, అప్పటికి బడి పిల్ల. ఎలీనా గిటార్ వాయిస్తుంది. పాటల్లో మరియాచి, సల్సా లాంటి అక్కడి సంగీతం ఉంటుంది. ఆస్థాన మాంత్రికుడి మనవడు మతేయో చేతిలో మంత్రదండానికి బదులు చిన్న డప్పు ఉంటుంది. దాన్ని తంబొరీతా అంటారు. దాన్ని కొడితేనే మంత్రం పారుతుంది. డప్పు దరువులో శక్తి ఉంటుందని మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎగిరే జాక్విన్‌లు ఉంటాయి, సగం చిరుతలాంటి జాగ్వార్, సగం పంచవన్నెల మకావ్ చిలుక. ఆ రెండూ ఆ ఖండం అడవుల్లో పుట్టినవే.

నాకు బాగా తగిలింది మాత్రం ఇవేవీ కావు. ఒక సాయంత్రం.

మా అమ్మాయి వాళ్ల పక్కింట్లో మెక్సికో మూలాల కుటుంబం ఉండేది. వాళ్ల ఇంట్లో నా వయసు ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకూ అంతే. నవంబరు 1న సాయంత్రం మమ్మల్ని లోపలికి పిలిచింది. ముందు గదిలో మెట్లు మెట్లుగా ఒక పీట కట్టారు. పైన చనిపోయిన భర్త ఫొటో. చుట్టూ కొవ్వొత్తులు. ఒక గ్లాసులో నీళ్లు, గిన్నెలో ఉప్పు, ఆయనకు ఇష్టమైన తిండి. కింద మెట్టు నుంచి గుమ్మం దాకా దారి పొడవునా బంతిపూల రేకులు. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. నెల రోజుల కింద పెత్రమాస రోజు మా ఇంట్లో మా ఆయన ఫొటో ముందు ఆయనకు ఇష్టమైన వంకాయ కూర వండిపెట్టి వచ్చాను. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మకు బంతిపూలు పేర్చాను. పెద్దలకు పెట్టుకునే రోజునే పూలు పేర్చేవాళ్లం మనం. ఆవిడకు ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర భాష లేదు. ఫోన్‌లో బతుకమ్మ ఫొటో చూపించాను. ఆవిడ బంతిపూల వరసను వేలితో చూపించి "సెంపాసూచిల్" అంది. నేను "బంతి" అన్నాను. ఇద్దరం చాలాసేపు ఆ రెండు మాటలే అనుకున్నాం.

తర్వాత తెలుసుకున్నాను. బంతి పుట్టిల్లు మెక్సికో. యూరప్ ఓడలు సముద్రాలు దాటిన కాలంలో మన వైపు వచ్చింది. ఆమాటకొస్తే మిరపకాయ కూడా అక్కడిదే. వరంగల్ మార్కెట్లో మనం గుట్టలు పోసే మిర్చికి ముత్తాతలు ఆ నేలవే. ఆవిడ ఇంట్లో చూసిన చనిపోయినవాళ్ల రోజు పండగను 2008లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ రాత్రి మనవరాలు ఈ సీరియల్‌లో చనిపోయినవాళ్ల రోజు మీద వచ్చిన ఎపిసోడ్ పెట్టింది. రాజకుటుంబం చనిపోయిన రాజును, రాణిని తలుచుకుంటుంది. పూలు, దీపాలు, పాట. ఆ సీరియల్‌లో తల్లిదండ్రుల చావును దాచలేదు. పిల్లలకు భయమేస్తుందని ఏ ఊరికో వెళ్లారని చెప్పలేదు. చనిపోయారు, వాళ్లకు పండగ చేస్తున్నాం అంటారు. మా ఆయన పోయినప్పుడు ఈ మనవరాలికి మూడేళ్లు. తాత ఎక్కడని అడిగితే ఎవరమూ సరిగ్గా చెప్పలేదు. ఆ ఎపిసోడ్ అయ్యాక తనే అడిగింది, మనింట్లో కూడా తాత ఫొటో పెడదామా అని. పెట్టాం. తాతకు ఏం ఇష్టమని అడిగి, తనే ఒక గ్లాసులో నీళ్లు తెచ్చి పెట్టింది.

ఆ డిసెంబరులో ఇంకో ఎపిసోడ్ వచ్చింది. రెబెకా అనే యూదు యువరాణి ఓడ పగిలి అవలోర్ ఒడ్డుకు చేరుతుంది. వాళ్ల దీపాల పండగ హనుక్కాను అవలోర్ వాళ్లు కలిసి చేస్తారు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదులు తమతో ఒక స్పానిష్ యాసను దాచుకుని తీసుకుపోయారు, దాన్ని లదీనో అంటారు. ఆ సంప్రదాయం నుంచి తీసుకున్న కథ అది. లాటినా అంటే ఒకే మొహం, ఒకే మతం అనుకోవద్దని అంత చిన్న కథలో చెప్పారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, నేను దాచను. అవలోర్ ఏ దేశమూ కాదు. మాయన్ గుడిలాంటి గుడి, మెక్సికో పండగ, కరీబియన్ పాట, చిలీ జానపదం, అన్నీ ఒక గిన్నెలో కలిపారు. రేపు ఎవరైనా దక్షిణ భారతం అని ఒక రాజ్యం కల్పించి బతుకమ్మ, పొంగల్, ఓణం, దసరా ఏనుగులు అన్నీ ఒకే వీధిలో చూపిస్తే సంతోషించాలా, బాధపడాలా? కొంచెం కొంచెం రెండూ. దానికన్నా పెద్దది ఇంకోటి. స్పానిష్ మాట్లాడే ఆ రాజ్యంలో ఆ భాష ఎట్లా వచ్చిందో చెప్పరు. దండయాత్ర లేదు, బానిసత్వం లేదు. మరువియన్లు అనే పాత జాతి గుళ్లు కట్టి ఎప్పుడో పోయిందంటారు, అంతే. చిన్నపిల్లల కథలో ఆ నెత్తురంతా చెప్పలేరు, నిజమే. కానీ పదేళ్లు దాటాక ఆ మాట పిల్లలకు చెప్పే బాధ్యత పెద్దవాళ్ల మీద ఉంది. ఇంకో సంగతి, ఎలీనాకు వెండితెర సినిమా దక్కలేదు, టీవీలోనే మొదలై టీవీలోనే ముగిసింది. కంపెనీ అధికారిక యువరాణుల వరసలో ఆమె పేరు లేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ వరసలో ఉన్నవాళ్లలో ఎంతమంది నిజంగా రాజ్యం ఏలారో మీరే లెక్కపెట్టుకోండి.

2020 ఫిబ్రవరిలో నేను ఇంటికి వచ్చేశాను. తర్వాత కరోనా వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. ఆగస్టు 23న చివరి కథ వచ్చింది, పేరు పట్టాభిషేకం రోజు. ఎలీనాకు ఇరవై ఏళ్లు నిండాయి. యువరాణి పోయి రాణి అయింది. నాకు ఇక్కడ తెల్లవారుజామున ఫోన్ మోగింది. బడి లేక, స్నేహితులు లేక ఇంట్లోనే ఉన్న పిల్ల, వీడియోలో ముఖం దగ్గరగా పెట్టి, "అమ్మమ్మా, కిరీటం పెట్టిన్రు" అంది. సంతోషం అనుకున్నాను. చూస్తే కళ్లలో నీళ్లు. ఏమైంది బిడ్డా అంటే, "ఇగ కౌన్సిల్ ఉండదా? తాత, అవ్వ సలహా చెప్పరా?" అని అడిగింది.

కౌన్సిల్ లేకుండా ఏ రాణీ ఏలలేదు, ఉంటుంది అని చెప్పాను. "ఇప్పుడు వాళ్లు చెప్తే వినాల్సిందేనని లేదు. కానీ ఆమె వింటది" అని తనే అనుకుని, కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ పిల్ల పెద్దదవుతోంది. ఎలీనా బొమ్మ ఎక్కడో అట్టపెట్టెలో ఉంది. నేను ఈ మధ్య మళ్లీ ఆ పాత కథ చెప్పడం మొదలుపెట్టాను, మా వీధి పిల్లలకు. రాజు దండోరా దగ్గర ఆగుతున్నాను. రాజ్యం ఎవరికివ్వాలో మీరు చెప్పండి అంటున్నాను. ఒకడు గుర్రానికివ్వమన్నాడు. ఒకమ్మాయి, ముందు యువరాణిని అడగాలి, ఆమెకు కావాల్నో వద్దో, అంది.

సమయం అయిందని చెబుతున్నారు. పది నిమిషాలు పిల్లల ప్రశ్నలకు ఉంచుకున్నాను. పెద్దలు కొంచెం ఆగండి, పిల్లలు ముందు. ఆ చివర కిటికీ దగ్గర చెయ్యి ఎత్తిన పచ్చ లంగా పాప, అవును, నువ్వే. నిలబడి గట్టిగా అడుగు, బిడ్డా.